కువైట్ నుంచి సెలవుకు రావాలా వద్దా? దారులు మూసే రోజుల్లో వేసుకోవాల్సిన లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ ఆయన కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. 2020 చివర్లో సెలవుకు వచ్చి, తిరిగి పోవడానికి దుబాయ్ మీదుగా ప్యాకేజీ (అక్కడ 14 రోజుల బస, విమానం టికెట్లు కలిపి) తీసుకున్నారు. అక్కడే ఇరుక్కుని, అప్పు మిగుల్చుకుని ఇంటికి వచ్చేశారు. మళ్ళీ కొవిడ్ లాంటి రోగమేదైనా వచ్చి దారులు మూసేస్తే సెలవుకు రావడం మంచిదా, అక్కడే ఉండిపోవడం మంచిదా, వేరే దేశం మీదుగా పోయే దారిని నమ్మొచ్చా, క్వారంటైన్ ఖర్చు ఎవరు భరించాలి అని అడిగినారు.

నేను రాజంపేట వైపు టికెటింగ్ ఆఫీసు నడుపుతాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కువైట్, సౌదీ, ఖతార్ వాళ్ళే. 2020, 2021లో మా పని టికెట్లు అమ్మడం కంటే, కొన్న టికెట్లకు దారి వెతకడమే అయ్యింది.

సూటిగా చెప్తాను. ఆంక్షలు మొదలైన తొలి నెలల్లో, ఇంట్లో తప్పించుకోలేని అవసరం ఉంటే తప్ప రావద్దు. రావాల్సి వస్తే, "ఆరు నెలలు తిరిగి పోలేకపోతే ఇల్లు గడుస్తుందా, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) నిలుస్తుందా" అనే రెండు లెక్కలు ముందే తేల్చుకుని రండి. మూడో దేశం దారి అప్పు చేసి మాత్రం పట్టొద్దు. ఖర్చు సంగతి వీసాను బట్టి ఉంటుంది, కింద రాస్తాను. టికెట్లు అమ్ముకునే నేనే రావద్దంటే నవ్వొస్తుందేమో గానీ, ఆ ఏడాది చూసింది చూసినాక వేరే మాట రాదు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను.

అప్పట్లో చాలామంది "ఇండియా వాళ్ళను రానివ్వడం లేదు" అని చెప్పుకున్నారు. అది సగమే నిజం. చాలా దేశాలు చూసింది పాస్‌పోర్టు కాదు, గత 14 రోజులు మనిషి ఏ దేశంలో ఉన్నాడు అన్నది. కువైట్ 2020 ఆగస్టు 1న విమానాలు తిరిగి మొదలుపెడుతూనే ముప్పైకి పైగా దేశాలతో ఒక జాబితా ఇచ్చింది, అందులో మనం ఉన్నాం. జాబితాలో లేని దేశంలో 14 రోజులు ఉండి, పీసీఆర్ అనే కొవిడ్ టెస్టులో నెగటివ్ తెచ్చుకుంటే మన పాస్‌పోర్టుతోనే లోపలికి రానిచ్చింది. దుబాయ్ ప్యాకేజీలు పుట్టింది అక్కడినుంచే. అమెరికా 2021 మే 4 నుంచి పెట్టిన ఆంక్ష కూడా ఇదే పద్ధతి: ఇండియాలో 14 రోజుల లోపల ఉన్న తాత్కాలిక వీసాల వాళ్ళకే అడ్డు. ఆస్ట్రేలియా అయితే 2021 మే 3 నుంచి 15 దాకా సొంత పౌరులనే ఇండియా నుంచి రావద్దంది. వస్తే ఐదేళ్ళ దాకా జైలు, 66,600 ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా ఉండొచ్చని చెప్పింది. సిటిజన్‌షిప్ ఉంది కదా అనుకున్నవాళ్ళు కూడా ఆ రెండు వారాలు ఇక్కడే కూర్చున్నారు.

ఈ 14 రోజుల నియమంలోనే మూడో దేశం దారి ఉంది, దాని ప్రమాదమూ అందులోనే ఉంది. మీరు కూర్చున్న దేశం ఆ 14 రోజుల్లో ఎప్పుడైనా జాబితాలోకి ఎక్కొచ్చు. మీ ఆయనకు జరిగింది అదే. 2021 ఫిబ్రవరి 3న సౌదీ ఇరవై దేశాలను ఆపేసింది, వాటిలో ఇండియాతోపాటు యూఏఈ కూడా ఉంది. నాలుగు రోజులు తిరక్కుండానే, ఫిబ్రవరి 7 నుంచి కువైట్ తన పౌరులు కానివాళ్ళందరినీ ఆపింది. మొదట రెండు వారాలన్నారు, తర్వాత గడువు లేకుండా పొడిగించారు. దుబాయ్, షార్జా హోటళ్ళలో పన్నెండో రోజు, పదమూడో రోజు లెక్కపెట్టుకుంటున్నవాళ్ళు అట్లాగే ఆగిపోయినారు. చివరికి యూఏఈలోని మన రాయబార కార్యాలయమే, అక్కడ ఆగి సౌదీకో కువైట్‌కో పోదామని రావద్దు, వచ్చినవాళ్ళు ఇంటికి తిరిగి పొమ్మని చెప్పాల్సి వచ్చింది.

అప్పుడైనా ఆగాల్సింది. సౌదీ వాళ్ళు నేపాల్, మాల్దీవులు, బహ్రెయిన్ మీదుగా దారులు వెతికినారు. ఏప్రిల్ ఆఖరుకు నేపాల్, తన మీదుగా వేరే దేశానికి పోయే విదేశీయులను ఆపింది. మే నెలలో మాల్దీవులు దక్షిణాసియా వాళ్ళకు వీసాలు ఆపింది. అదే నెలలో బహ్రెయిన్ కూడా అక్కడి నివాస వీసా లేనివాళ్ళకు తలుపు మూసింది. సౌదీ దమ్మామ్ వైపు వంతెన దాటితే చాలనుకున్నవాళ్ళు బహ్రెయిన్ రాజధాని మనామాలో దిగబడినారు. ఇక్కడ కేసులు పెరిగేకొద్దీ, మనవాళ్ళు ఎక్కువగా చేరిన దేశమే ముందు భయపడింది. అంటే ఒక దారి బాగా నడుస్తోందని పేరొచ్చేసరికి అది మూసుకునే సమయం దగ్గరపడినట్టే. మా ఆఫీసులో నేను పెట్టుకున్న కొలత ఇదొక్కటే: పక్క ఊరి ఏజెంటు కూడా అదే ప్యాకేజీకి బోర్డు పెట్టినాడంటే, నేను దాన్ని అమ్మడం మానేసేవాణ్ణి.

అయినా ఆ దారిలో పోక తప్పనివాళ్ళు ఉంటారు. ఉద్యోగం పోతుంది, కూతురి పెళ్ళి ఖర్చు నెత్తిమీద ఉంటుంది. వాళ్ళకు చెప్పేది, ప్యాకేజీ ధర అడిగేముందు మూడు విషయాలు అడగండి. మధ్యలో దారి మూస్తే ఇంటికి తిరుగు టికెట్ అందులో ఉందా? 14 రోజులు 25 అయితే గదికి రోజుకు ఎంత, ఆ రేటు రాసిస్తారా? మధ్య దేశం వీసా ఎన్నాళ్ళది, పొడిగిస్తే ఎవరు కడతారు? మూడోదే అందరూ మర్చిపోయేది. గది అద్దె కంటే వీసా గడువు దాటిన జరిమానా ఎక్కువ పడినవాళ్ళను చూశాను. "అవన్నీ మేం చూసుకుంటాం లే అన్నా" అనే ఏజెంటుకు దండం పెట్టి వచ్చేయండి. తోడుగా, ప్యాకేజీ ధరకు మళ్ళీ సగం డబ్బు చేతిలో ఉంటేనే బయల్దేరండి. అది లేదంటే ఆ ప్రయాణం మీ స్తోమతకు మించిందే.

ఒక మినహాయింపు. అన్ని దేశాలూ 14 రోజులు అడగలేదు. కెనడా 2021 ఏప్రిల్ 22 నుంచి సెప్టెంబరు దాకా ఇండియా నుంచి నేరు విమానాలు ఆపింది గానీ, మూడో దేశంలో 14 రోజులు ఉండమనలేదు. చివరిగా విమానం ఎక్కే దేశంలో పీసీఆర్ చేయించుకుంటే చాలంది. మన పిల్లలు దోహా, కైరో, మెక్సికో తిరిగి పోయింది ఇందుకే. కాబట్టి ఎవరో కెనడాకు నాలుగు రోజుల్లో చేరినాడని విని, కువైట్‌కూ అట్లాగే కుదురుతుందని అనుకోవద్దు. ఏ దేశం దేన్ని అడుగుతోంది, రోజులనా, టెస్టునా, టీకానా అని విడివిడిగా చూడాలి.

అసలు బోర్డరు చెక్-ఇన్ కౌంటరే. ఇది చాలామందికి తెలియదు. కువైట్ ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆగినవాళ్ళ కంటే చెన్నై కౌంటర్ దగ్గర ఆగినవాళ్ళే ఎక్కువ. కాగితాలు సరిలేని మనిషిని తీసుకుపోతే, అతన్ని వెనక్కి తెచ్చే ఖర్చు విమానం కంపెనీదే, పైన జరిమానా కూడా పడొచ్చు. అందుకే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మీ కథ వినదు, తన ముందున్న స్క్రీన్ చదువుతుంది. అది టిమాటిక్ అనే వ్యవస్థ. ఏ దేశానికి ఏ కాగితాలు కావాలో చాలా విమాన సంస్థలు అందులోనే చూస్తాయి. మీ దగ్గర మంత్రిత్వ శాఖ ప్రకటన ఫోటో వాట్సాప్‌లో ఉన్నా, టిమాటిక్‌లో ఆ మార్పు ఎక్కకపోతే బోర్డింగ్ పాస్ రాదు. నియమం మారిన మొదటి రెండు మూడు రోజులు అందుకే అందరికంటే చెడ్డవి. ప్రకటన ఒకటి చెప్తుంది, స్క్రీన్ ఒకటి చెప్తుంది. నేను కొత్త నియమం వచ్చిన వెంటనే ఉన్న విమానానికి ఎవరికీ టికెట్ ఇవ్వను. ముందు విమానంలో పోయినవాళ్ళు దిగి ఫోన్ చేసినాకే తర్వాతి వాళ్ళది.

ఇక కాగితాలు. మనవాళ్ళను ఎక్కువ ఏడిపించింది రోగం కాదు, ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఒకదాంట్లో వెంకట సుబ్బయ్య రెండు ముక్కలు, ఇంకోదాంట్లో అతికించి ఒకటే ముక్క. టీకా వేయించుకునేటప్పుడు ఆధార్ చూపించినారు కాబట్టి సర్టిఫికెట్‌లో ఆధార్ పేరే పడింది. కువైట్ వాళ్ళు సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టు ప్రకారం ఉండాలన్నారు, టీకా పేరు, డోసుల తేదీలు, క్యూఆర్ కోడ్ కూడా కావాలన్నారు. మన ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్‌లో పాస్‌పోర్టు నంబరు కలిపే వీలు 2021 జూన్‌లో వచ్చింది. పేరు దిద్దుకునే వీలూ ఇచ్చినారు గానీ ఒక్కసారికే. తొందరపడి మళ్ళీ తప్పుగా దిద్దుకున్నవాళ్ళ సంగతి ఇంక చెప్పొద్దు. పైగా మొదట్లో ఆ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఉండేది కాదు, వయసే ఉండేది. బయటి దేశాలకు పోయేవాళ్ళకు పుట్టిన తేదీ చేర్చింది తర్వాతే.

కాబట్టి మహమ్మారి లేని ఈ రోజుల్లోనే చేయాల్సిన పని ఒకటుంది. ఆధార్, పాస్‌పోర్టు, బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా చూడండి. లేకపోతే ఆధార్‌ను పాస్‌పోర్టుకు సరిపోయేలా మార్పించండి. తిప్పి చేయొద్దు. పాస్‌పోర్టు మారిస్తే వీసా, అకామా అన్నీ కదులుతాయి.

టీకా రకం కూడా. 2021లో గల్ఫ్ దేశాలు కోవిషీల్డ్‌ను ఆస్ట్రాజెనెకాగా ఒప్పుకున్నాయి. కోవాక్సిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి నవంబరు 3 దాకా రాలేదు. ఊర్లో ఏది దొరికితే అది వేయించుకున్నవాళ్ళు రెండు డోసులూ అయ్యి, కాగితాల లెక్కలో టీకా వేయించుకోనివాళ్ళుగా మిగిలిపోయినారు. ఈసారి ఏ టీకా వచ్చినా, సూది వేయించుకునేముందు మీరు పోయే దేశం దాన్ని ఒప్పుకుందా అని చూడండి. ఉద్యోగానికి, చదువుకు పోయేవాళ్ళకు కోవిషీల్డ్ రెండో డోసు 84 రోజులు ఆగకుండా 28 రోజుల తర్వాతే ఇస్తామని జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. అప్పటికి వీసా, పాస్‌పోర్టు కాపీలు సిద్ధంగా ఉన్నవాళ్ళే దాన్ని వాడుకున్నారు.

టెస్టు గంటల సంగతి చిన్నదే గానీ విమానాలు తప్పించింది. 72 గంటలంటే శాంపిల్ తీసినప్పటినుంచా, రిపోర్టు వచ్చినప్పటినుంచా? యూఏఈ శాంపిల్ తీసిన టైము నుంచి 48 గంటలంది. దానిమీద ఎయిర్‌పోర్టులో ర్యాపిడ్ పీసీఆర్ కూడా పెట్టింది, మొదట విమానానికి 4 గంటల లోపల, తర్వాత 6 గంటల లోపల. ఆ మిషను అప్పుడు అన్ని ఎయిర్‌పోర్టుల్లో ఉండేది కాదు. అందుకే ఎప్పుడూ శాంపిల్ టైము నుంచే లెక్కపెట్టుకోండి, విమానం ఆలస్యమైతే అనే గంటలు కూడా కలుపుకోండి. రిపోర్టు మీద క్యూఆర్ కోడ్ ఉందా అని ల్యాబ్ గుమ్మం దాటకముందే ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి.

రోజుల లెక్కా ఇంతే. ఇంగ్లాండు పెట్టిన హోటల్ క్వారంటైన్ పది రోజులన్నారు, దిగిన రోజును సున్నాగా లెక్కపెట్టి పదకొండు రాత్రులకు డబ్బు కట్టించుకున్నారు. 2021 ఏప్రిల్‌లో మనం వాళ్ళ రెడ్ లిస్టులో చేరినప్పుడు ఒక్క మనిషికి 1,750 పౌండ్లు. తిరుగు టికెట్, సెలవు, డ్యూటీలో చేరే తేదీ ఇవన్నీ ఒక రోజు అటూ ఇటూ అవుతాయి, జాగ్రత్త.

విదేశం దాకా ఎందుకు, చెన్నై చేరడమే ఒక బోర్డరు అప్పుడు. మా వైపు వాళ్ళు విమానం ఎక్కేది ఎక్కువగా చెన్నైలో. తమిళనాడు ఈ-పాస్ అడిగేది. డ్రైవరు పేరు, బండి నంబరు అందులో రాయాలి, ఆఖరు నిమిషంలో బండి మారితే చెక్‌పోస్టు దగ్గర బతిమాలుకోవాల్సిందే. మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య అయినా ఏం తక్కువ జరిగింది? 2020 మార్చిలో హైదరాబాదు హాస్టళ్ళ పిల్లలు పోలీసుల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) చేతిలో పెట్టుకుని ఆంధ్రా సరిహద్దు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రోడ్డుమీద నిలబడ్డారు. ఒక రాష్ట్రం ఇచ్చిన కాగితాన్ని పక్క రాష్ట్రం ఒప్పుకోలేదు. 2021 మేలో తెలంగాణ సరిహద్దులో అంబులెన్సులనే ఆపితే హైకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది. ఇంటినుంచి ఎయిర్‌పోర్టుకు ఏ రాష్ట్రాలు దాటాలో, వాటికి ఏం కాగితాలు కావాలో టికెట్ కొనేముందే చూసుకోవాలి. వీలైతే సొంత రాష్ట్రంలో విమానం ఎక్కడం మేలు, రెండు వేలు ఎక్కువైనా సరే.

ఇంటికి వచ్చేవాళ్ళకు ఇక్కడి క్వారంటైన్ కూడా ఎప్పటికప్పుడు మారింది. 2020 మేలో, బయట చిక్కుకున్నవాళ్ళను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైన నెలలో కేంద్రం చెప్పింది 14 రోజులు: ఏడు రోజులు సొంత ఖర్చుతో హోటల్లోనో సెంటర్లోనో, ఏడు రోజులు ఇంట్లో. గర్భిణులకు, ఇంట్లో చావు జరిగినవాళ్ళకు, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకు, పదేళ్ళలోపు పిల్లలతో వచ్చే తల్లిదండ్రులకు నేరుగా ఇంటికి పోయే మినహాయింపు ఉండేది. ఆగస్టు నుంచి నెగటివ్ రిపోర్టు ఉన్నవాళ్ళకూ ఇచ్చినారు. చావు కబురు విని బయల్దేరినవాళ్ళు మినహాయింపు ఉందని తెలియక ఏడు రోజులు హోటల్లో కూర్చుని, దినాలకు కూడా అందకుండా పోవడం నేను చూశాను. అది అడిగితే వచ్చేదే. మినహాయింపుల పేరా చివర్లో ఉంటుంది, అందరూ చదవకుండా వదిలేసేది అదే.

క్వారంటైన్ ఇప్పుడు పోయిందని అనుకోవద్దు. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా దేశాలనుంచి టీకా కార్డు లేకుండా వస్తే ఇప్పటికీ మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా ఉంచుతారు. టీకా వేసిన పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. ఉగాండా, కెన్యా పనులకు పోయేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఇక డబ్బు. షూన్ వీసా (కంపెనీల్లో పనికి ఇచ్చేది) వాళ్ళు అయితే కాంట్రాక్టులో రాసి ఉంటే తప్ప క్వారంటైన్ ఖర్చు మీదే అనుకోండి. మీ ఆయనది ఖాదిం వీసా (ఇళ్ళలో పనికి ఇచ్చేది) కాబట్టి కొంచెం నయం. 2020 డిసెంబరులో కువైట్ ఇళ్ళలో పనిచేసేవాళ్ళను తిరిగి రప్పించడానికి బిల్‌సలామా అని ఒక ఏర్పాటు పెట్టింది. సేటు (పనిలో పెట్టుకున్న యజమాని) అందులో పేరు నమోదు చేసి, టికెట్‌కు, రెండు వారాల క్వారంటైన్‌కు డబ్బు కట్టాలి. ఆ దారిలో నేరుగా ఇండియా నుంచే తీసుకుపోయినారు, దుబాయ్‌లో కూర్చోవాల్సిన పని లేకుండా. బాధేంటంటే ఆ ఖర్చును జీతంలో కోసుకున్న సేట్లు కూడా ఉన్నారు. కాబట్టి సెలవుకు బయల్దేరే ముందే మాట తీసుకోండి, అదీ వాట్సాప్ మెసేజీలో. నోటిమాట అక్కడే ఉండిపోతుంది.

అకామా గడువు సంగతి మర్చిపోవద్దు. బయట ఆరు నెలలు దాటితే అకామా పోయే నియమాన్ని కువైట్ కొవిడ్ కాలంలో సడలించింది, తర్వాత మళ్ళీ తెచ్చింది. సౌదీ కూడా అప్పట్లో అకామాలు, రీ-ఎంట్రీ వీసాలు పలుమార్లు ఉచితంగా పొడిగించింది. ఈసారీ పొడిగిస్తారని నమ్మి రావద్దు. ఖాదిం వీసాకు గడువు నియమాలు మారుతుంటాయి, పాత ఆరు నెలల మాట పట్టుకోకుండా ఇవాళ్టి గడువు సేటు చేత అడిగించి తెలుసుకోండి. అకామా ఏడాది కొత్తగా వేయించుకుని వస్తే ఒక బాధ తగ్గుతుంది.

అక్కడే ఇరుక్కుని చేతిలో డబ్బు లేకపోతే మన రాయబార కార్యాలయాల దగ్గర కష్టంలో ఉన్నవాళ్ళ కోసం సంక్షేమ నిధి ఉంటుంది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబరుతో అడగండి. ఆంధ్రా వాళ్ళకు, బయటి దేశాల్లో ఉన్నవాళ్ళ కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ కూడా ఉంది.

టికెట్ డబ్బు వెనక్కి రావడం గురించి కూడా అడిగినారు. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు, లాక్‌డౌన్ రోజుల్లో బుక్ చేసి రద్దయిన టికెట్లకు డబ్బు వెనక్కి ఇవ్వాలని, అంతకుముందే బుక్ చేసినవాటికీ ఇవ్వాలని, వాటికి మాత్రం కంపెనీకి స్తోమత లేకపోతే క్రెడిట్‌గా ఉంచొచ్చని చెప్పింది. అది ఆ కాలానికే. ఏజెంటు దగ్గర కొన్న టికెట్‌కు డబ్బు ఏజెంటు ఖాతాకే వస్తుంది, అక్కడినుంచి మీకు రావాలి. మీ పాత దుబాయ్ ప్యాకేజీలో విమానం టికెట్ భాగం వెనక్కి వచ్చిందేమో ఇప్పటికైనా ఆ ఏజెంటును టికెట్ నంబరుతో అడగండి. ఆ నంబరు పెట్టి విమానం కంపెనీకే మెయిల్ రాస్తే, డబ్బు ఎప్పుడు, ఎవరికి ఇచ్చినారో వాళ్ళే చెప్తారు. ఇకమీదట ఏ టికెట్ తీసుకున్నా అందులో ఏజెంటు ఫోన్ నంబరు కాకుండా మీ ఆయన నంబరు, మీ నంబరు పెట్టించండి. విమానం రద్దయిన మెసేజి అప్పుడు ముందు మీకు వస్తుంది.